మనసు డాక్టరు దగ్గర మొదటి శనివారం

మనసు డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లబోయేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. నా సంగతి తెలిసినవాళ్లు పంపిస్తారు. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "లోపల ఏం చేస్తారండీ?" ఒక గది ఉంటుంది, రెండు కుర్చీలుంటాయి, ఆయన అడుగుతాడు, మీరు చెబుతారు, అంతేనంటాను. ఎవరూ నమ్మరు. ఏదో దాస్తున్నానని అనుకుంటారు. వాళ్ల అనుమానం కొంతవరకు నిజమే. నేను వెళ్లిన ఆ మొదటి శనివారం గురించి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

డెబ్బైల తొలి సంవత్సరాలవి. నేను రాయచూరులో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. మా వాళ్లు తరాలుగా ఆ ఊరివాళ్లే. అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ని. తుంగభద్ర కాలువ వచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి, మాన్వి, సింధనూరు వైపు భూములు కొని, క్యాంపులు వేసుకుని వరి పండిస్తున్నారు. మా పత్రిక కొనేది ఎక్కువగా వాళ్లే. కాబట్టి నా ఉద్యోగంలో సగం కాలువ వార్తలే. కాలువ వార్త అంటే బస్సెక్కి తిరగడం.

ఒకరోజు లింగసుగూరు దారిలో, కల్మల ఇంకా రెండు మైళ్లుందనగా, బస్సులో నాకు ఊపిరి ఆగిపోయింది. ఆగిపోయిందనే అనుకున్నాను. సంత రోజు. నడవంతా వేరుశనగ మూటలు. వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్లో కోళ్లు. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఈ బస్సులోనే చచ్చిపోతానని ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా తెలిసింది. "ఆపు, ఆపు" అని అరిచాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి "వాంతొస్తున్నట్టుంది, దారివ్వండ్రా" అని నన్ను మూటల మీదుగా తోసి దింపించాడు. బస్సు వెళ్లిపోయింది. రాయచూరు వైపు తిరిగి నడిచాను. దూరాన కోట గుట్ట కనిపించేసరికి ఒంట్లో ఆ దడ ఏమీ లేదు.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. ఆ తర్వాత బస్సెక్కినప్పుడల్లా అదే. కొన్నాళ్లకు కోర్టు హాల్లో కూర్చోలేకపోయాను, తలుపు పక్కన స్థలం దొరికితేనే లోపలికి వెళ్లేవాణ్ని. ఆ తర్వాత సినిమా హాలు. ఆ తర్వాత మంగలి దుకాణం. మెడకు గుడ్డ కట్టి, ఒక చెంప గీసి, రెండో చెంపకు సబ్బు పూసేసరికి లేచి నిలబడ్డాను. పన్ను నొప్పి అని చెప్పి, సగం గడ్డంతో బజారంతా నడిచి ఇంటికొచ్చాను. నా ఊరు రోజురోజుకీ చిన్నదవుతూ వచ్చింది. చివరికి ఇల్లు, కాలువ ఆఫీసు, రైల్వే స్టేషను మిగిలాయి. రైలెక్కడానికి కాదు, హైదరాబాదుకు వార్తల కవరు వేయడానికి.

విలేకరి కదలకుండా వార్త రాయవచ్చు. అది మా వృత్తిలోని రహస్యం. బస్టాండులో కండక్టర్లు ఉంటారు, విత్తనాల దుకాణంలో రైతులు ఉంటారు, ఆఫీసులో ఓవర్సీర్లు ఉంటారు. అందరి మాటా విని, అక్కడే ఉండి చూసినట్టు రాస్తే ఎవరికీ తేడా తెలియదు. ఏడెనిమిది నెలలు అలాగే గడిపాను. ఆ ఖరీఫులో ఒక ఓవర్సీరు చెప్పిన మాట పట్టుకుని, మాన్వి తాలూకా మల్లట్ దిగువన చివరి పొలాలకు సైతం కాలువ నీరు చేరిందని, రైతులు హర్షం వ్యక్తం చేస్తున్నారని రాశాను. అచ్చయింది.

నాలుగో రోజు పొద్దున్నే ఒక రైతు మా ఇంటికొచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, మల్లట్ దిగువన క్యాంపులో ఉంటాడు. పంచె మోకాళ్ల దాకా ఎగగట్టుకుని ఉన్నాడు. చేతిలో నా వార్త ఉన్న పేపరు, నాలుగు మడతలుగా.

"ఏవండీ, విలేకరిగారు తమరేనా?"

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. మా మళ్లో నీళ్లున్నాయని రాశారు. ఏ మడండీ అది? మాక్కూడా చూపిస్తే వెళ్లి దణ్ణం పెట్టుకుంటాం."

నేను ఏదో అనబోయాను. ఆయన ఆగలేదు.

"హర్షం వ్యక్తం చేశామన్నారు. ఎవరు చేశారో చెప్పండి, వాణ్ని మేం నలుగురం కలిసి పలకరిస్తాం. ఆకుమళ్లో నారు ముదిరిపోతోందండీ. కాలవలో కప్ప కూడా లేదు. మొన్న కాలవ ఆఫీసుకెళ్లి మొర పెట్టుకుంటే అక్కడి ఆఫీసరు మీ పేపరు బల్ల మీద పెట్టి చూపించాడండి. నీళ్లొచ్చాయని అచ్చులో ఉంది, మీరెందుకు అబద్ధాలాడతారు, పొండన్నాడు. మా అబద్ధం, మీ అచ్చు!"

అక్క లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు, మూతి తుడుచుకున్నాడు, గొంతు తగ్గించాడు.

"మీరొచ్చి చూడండి. అంతే. చూసి, చూసింది రాయండి. ఇంకో వారం పది రోజుల్లో నాట్లు పడకపోతే ఈ కారు పోయినట్టే."

"రేపే వస్తాను" అన్నాను.

ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. మర్నాడు బస్టాండుకు వెళ్లాను. బస్సెక్కాను. డ్రైవరు ఇంజను పెట్టగానే దిగాను. కండక్టరు నాకు బాగా తెలిసినవాడు. "ఏం సార్, మళ్లీ ఏదన్నా మర్చిపోయిండ్రా?" అన్నాడు. మళ్లీ అన్నాడంటే అతను లెక్కపెడుతున్నాడన్నమాట. ఆ మర్నాడు తెల్లవారుజామున సైకిలు మీద బయల్దేరాను. బస్సు కాదు, కప్పు లేదు, తలుపు లేదు, భయమెందుకు అనుకున్నాను. ఊరు కనుమరుగైన చోట చెట్టు కింద సైకిలు పడేసి కూలబడ్డాను, మరుక్షణం లేచి ఊరివైపు తిప్పాను. బస్సులో లేకపోయినా అది వచ్చింది. అప్పటిదాకా నన్ను బంధించింది బస్సు అనుకున్నాను. ఆకాశమంత ఖాళీలో కూడా ఊపిరి అందకపోతే ఇక ఎక్కడికి పారిపోవాలి?

ఇంటికొచ్చాక అక్క గడపలోనే పట్టుకుంది.

"ఏందిరా, గిట్ల మొకం ఏసుకొని అచ్చినవ్? మల్లట్ గింత జల్ది వొయ్యి అచ్చినవా?"

"పోలేనక్క."

"బస్సేమన్న నిన్ను మింగుతదా?"

"మింగినట్లే ఉంటది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మా అక్క బళ్లో పంతులమ్మ. పిల్లల అబద్ధాలకు, నిజాలకు తేడా తెలిసిన మనిషి. "ముందుగాల గుండె సూపియ్యి" అంది.

మా ఇంటి డాక్టరు ముసలాయన, ఉర్దూ తప్ప మాట్లాడేవాడు కాదు. గొట్టం పెట్టి ముందూ వెనకా చాలాసేపు విన్నాడు. "బైల్ కా దిల్ హై మియా తుమ్హారా" అన్నాడు, ఎద్దు గుండెలాంటిది నాది అని. "అందర్ డర్ బైఠ్‌గయా, బస్." లోపల భయం కూర్చుంది, అంతే. దాన్ని లేపే మనిషి వేరే ఉన్నాడనీ, నెలకొక శనివారం ధార్వాడ వైపు నుంచి వచ్చి తన దవాఖానా వెనక గదిలోనే రోగులను చూస్తాడనీ చెప్పాడు. ఆ శనివారం రెండు రోజుల్లోనే ఉంది.

ఆ రెండు రోజులూ నేను ఊహించుకున్నవి ఇవి. తలకు కరెంటు పెడతారు. ఏదో సూది వేస్తారు, దానితో మనకు తెలియకుండానే రహస్యాలన్నీ చెప్పేస్తాం. రిజిస్టరులో పేరు రాసుకుంటారు, ఆ రిజిస్టరు ఎవరి చేతిలోనో పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ భయం వేరే. ఆయన నన్ను చూసి, ఇది తగ్గేది కాదు, అలవాటు చేసుకో అంటాడని. వీటిలో ఒక్కటీ జరగలేదు. జరిగింది నేను ఊహించనిది.

నా పద్ధతిలో నేను తయారయ్యాను. మూడు కాగితాలు రాసుకున్నాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ. ఆయనకు తెలుగు రాదేమోనని కన్నడంలో రాశాను. వార్త ఎలా రాస్తామో అలాగే: రాయచూరు, ఇరవై ఎనిమిదేళ్ల వ్యక్తి ఒకరు గత కొన్ని నెలలుగా శ్వాస సంబంధమైన ఇబ్బందితో బాధపడుతున్నారు.

శనివారం అక్క కూడా బయల్దేరింది. అప్పట్లో రోగి నోరు విప్పేది తక్కువ. వెంట వచ్చిన పెద్దవాళ్లే చెప్పేవారు. ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో, నిన్న ఏం తిన్నాడో అంతా వాళ్లే. రోగి పక్కన కూర్చుని నాలుక మాత్రం చాపేవాడు. దవాఖానా వరండాలో బల్ల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. సగం మంది తెలిసిన మొహాలే. మా వంతు రాగానే అక్క నాకంటే ముందు లోపలికి నడిచింది.

వెనక గది చిన్నది. ఒక గోడ పొడవునా మందుల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. కిటికీ ఉంది గానీ, దాని అవతల జానెడు దూరంలో పక్కింటి గోడ. ఫినాయిలు వాసన. డాక్టరు సన్నటి మనిషి, నలభై దాటి ఉండవు. రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకు తిప్పి ఉన్నాయి.

"వానికి చెప్పొస్తలేదు డాక్టర్ సాబ్, నేను చెప్త" అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి, మా అక్క మధ్యలోనే కన్నడంలోకి మారింది. మా ఊళ్లో ఎవరూ దీన్ని ఆలోచించి చెయ్యరు. ఎదుటి మనిషిది ఏ భాషయితే ఆ భాష మాట్లాడటం మాకు మర్యాద. కన్నడం వాళ్లతో కన్నడం, సాయిబులతో ఉర్దూ, క్యాంపు రైతులు వస్తే "అండీ" తగిలించిన వాళ్ల తెలుగు. ఇంట్లో మాత్రమే మా తెలుగు.

డాక్టరు అక్క చెప్పింది రెండు నిమిషాలు విన్నాడు. తర్వాత, మీరు బయట కూర్చోవాలమ్మా, ఆయనే చెబుతాడు అన్నాడు. అక్క కదల్లేదు. "చిన్నప్పటి సంది నేనే సూస్తున్న వీన్ని" అంది నాతో, ఆయనతో అనలేక. ఆయన నవ్వుతూ అలాగే కూర్చున్నాడు. చివరికి వెళ్లింది. కాంపౌండరు వచ్చి తలుపు మూసి వెళ్లాడు.

ఈ తలుపు గురించి నేను ముందు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే వచ్చేవాణ్ని కాదు. తలుపు మూస్తే నాకు ఆ జబ్బు వస్తుంది. తెరిస్తే వరండాలో ఏడెనిమిది మంది వింటారు. వేరే ఊళ్లో అయితే వాళ్లకు రాని భాషలో చెప్పుకోవచ్చు. మా ఊళ్లో ఆ వీలు లేదు. ఆ వరండాలో ఉన్నవాళ్లందరికీ కన్నడం వచ్చు, తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. దాక్కోడానికి నాకు ఏ భాషా మిగల్లేదు.

కాగితాలు ఆయనకిచ్చాను. మొదటి పుట నిదానంగా చదివాడు. ఇకమీదట ఆయన కన్నడంలో అన్నవి తెలుగులో రాస్తాను.

"ఈ ఇరవై ఎనిమిదేళ్ల వ్యక్తి ఎవరు?"

"నేనే."

"మరి ఆయన ఎందుకు రాలేదు?"

వేళాకోళమో నిజంగా అడుగుతున్నాడో తెలియలేదు. కాగితాలు మడిచి నాకే ఇచ్చేశాడు. నోటితో చెప్పమన్నాడు. నేను కన్నడంలో మొదలుపెట్టాను. నా కన్నడం మంచిది. కోర్టులో, ఆఫీసులో రోజూ మాట్లాడేదే. ఎక్కడా తడుముకోకుండా, తేదీలతో సహా, బస్సు సంగతి, కోర్టు సంగతి చెప్పాను. మంగలి దుకాణం సంగతి చెప్పి నవ్వించబోయాను కూడా. ఆయన నవ్వలేదు. వింటున్నాడు, అంతే. ఎవరైనా మీ మాట మధ్యలో అడ్డు రాకుండా పది నిమిషాలు వింటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో అక్కడికి వెళితే తెలుస్తుంది. మనం రోజూ మాట్లాడేది అవతలివాళ్లు అడ్డు వస్తారన్న ధైర్యంతోనే.

మల్లట్ దగ్గరికొచ్చేసరికి ఆగాను. వార్త రాశాననీ, అందులో కొంత సమాచార లోపం జరిగిందనీ అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే వచ్చేసింది. గుండె ముందు, తర్వాత చేతులు. అట్టపెట్టెల గోడ నా మీదికి జరిగినట్టయింది. లేచి నిలబడ్డాను. ఒక అంగలో తలుపు.

ఆయన లేవలేదు. "బాగిలిగె చిలక హాకిల్ల" అన్నాడు, తలుపుకు గొళ్ళెం వేయలేదని. "ఎప్పుడైనా తెరుచుకుని వెళ్లిపోవచ్చు. నేను ఆపను. తెరిచేలోపల మాత్రం ఏం జరుగుతోందో నాకు చెబుతూ ఉండండి."

చెప్పబోయాను. కన్నడం రాలేదు. అంతసేపు ధారాళంగా మాట్లాడినవాణ్ని, నోరు తెరిస్తే ఒక్క మాట లేదు.

"ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"తెలుగు."

"అయితే అదే మాట్లాడండి."

"మీకు వస్తుందా?"

"కొంచెం. నా గురించి వదిలేయండి. చెప్పండి."

మా ఊరివాడికి ఇది ఎంత కష్టమో చెప్పలేను. రాని మనిషి ముందు మన భాష మాట్లాడటం అంటే ఆయన మొహం మీద తలుపు వేసినట్టే. అయినా మాట్లాడాను. తలుపు గొళ్ళెం చేత్తో పట్టుకుని, ఆయన వైపు చూడకుండా.

"గుండె కొట్టుకుంటుంది. జోరుగ కొట్టుకుంటుంది. చేతులు సల్లగైనయ్."

"ఆఁ."

"దమ్ము అందుతలేదు. నోరెండిపోయింది. సచ్చిపోతనేమో అనిపిస్తుంది."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"గొంతుల. గొంతుల ఉంది. నాకు భయమైతుంది." అప్పటిదాకా ఆ రెండు మాటలు నేను ఎవరితోనూ అనలేదు, అక్కతో కూడా. మూడు కాగితాల్లోనూ ఆ మాట లేదు. "నాకు శాన భయమైతుంది. నేను మల్లట్‌కు పోలే. పోకుండనే రాసిన. ఏడకు పోలే. ఏడెనిమిది నెలల సంది ఏడకూ పోలే, అన్నీ ఈడ కూసోనే రాసిన. వాళ్ల నారు ఎండుతుంది, నేను బస్సు ఎక్కుతలేను."

ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఆయన మధ్యమధ్య "ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగాడు. గొంతులో ఉందన్నాను, ఛాతీలో ఉందన్నాను. ఒకసారి అడిగినప్పుడు వెతుక్కోవలసి వచ్చింది. చేతులు చూసుకున్నాను. గొళ్ళెం చుట్టూ చెమట. గుండె కొట్టుకుంటోంది గానీ, మెట్లెక్కి వచ్చినవాడి గుండెలా. కుర్చీలో కూర్చున్నాను.

అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా ఆ జబ్బు తగ్గడం నేను చూడలేదు. ప్రతిసారీ అది పైకొస్తుండగానే దిగి పారిపోయాను, దిగాను కాబట్టి బతికాననుకున్నాను. దిగకపోయినా తగ్గుతుందని ఆ రోజే తెలిసింది. సంతోషం వేయలేదు. ఏడుపొచ్చింది. ఆయన ఎదుట కాసేపు ఏడ్చాను. ఏడవడం కూడా అక్కడ జరిగే పనుల్లో ఒకటి. రుమాలు తీసుకెళ్లడం మంచిది.

"మీరు చెప్పింది సగమే అర్థమైంది" అన్నాడు ఆయన. "మిగతా సగం వచ్చే నెల చెప్పండి."

"వచ్చే నెలా? నేను రేపు మల్లట్ వెళ్లాలి."

"రేపు వెళ్లలేరు."

"మరి నేనెందుకు వచ్చినట్టు?"

ఆయన మందుల చీటీ ముందుకు లాక్కున్నాడు. రోజూ బస్సెక్కి మొదటి స్టేజీలో దిగి రమ్మన్నాడు. జబ్బు వస్తే దిగకుండా, అది తగ్గేదాకా సీట్లోనే ఉండమన్నాడు. తగ్గాకే దిగాలి. నాలుగు రోజులయ్యాక రెండో స్టేజీ. నిద్రకు ఒక చిన్న మాత్ర రాసిచ్చాడు. అంతే. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నా పరువు, నా కన్నీళ్లు అక్కడ పోసి వస్తే, ఆయన బస్సు స్టేజీలు లెక్కపెట్టి ఇచ్చాడు. అక్కడ నారు ముదురుతోంది. మొదటిసారి వెళ్లి వచ్చినవాళ్లు కోపంగా ఇంటికెళ్లడం మామూలేనని తర్వాత తెలిసింది.

తలుపు తెరిచాను. వరండాలో ఎవరూ నా వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడంతోనే అంతా విన్నారని అర్థమైంది. అక్క లేచి నిలబడింది. మేము మెట్లు దిగుతుంటే బల్ల చివర కూర్చున్న ముసలి సాయిబు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మేరేకు బీ ఐసాచ్ హోతా, బావా" అన్నాడు. నాకూ అట్లాగే అవుతుందని. "మస్జిద్‌లో తలుపు కాడ, వెనక వరసలనే నిలవడ్త నేను. ఎవ్వరికి చెప్పలే."

దారిలో అక్క నాకన్నా రెండు అడుగులు ముందు నడిచింది. తర్వాత అంది, "పోకుండ రాసినవా?"

"రాసిన."

"పోలేకపోతే పోలేకపోయినవ్. పోలేదని రాయనీకి బస్సెక్కాల్నా?"

డాక్టరు అడగని ప్రశ్న అది. ఇంటికి వెళ్లలేదు. కాలువ ఆఫీసు ముందున్న టీ దుకాణంలో కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. మల్లట్ దిగువ పొలాలకు నీరందిందన్న వార్త విలేకరి స్వయంగా చూసి రాసినది కాదు, అధికారి ఒకరు చెప్పిన దాని మీద ఆధారపడి రాసినది, అక్కడి రైతులు తమ పొలాలకు నీరు రాలేదని చెబుతున్నారు, తప్పుకు విచారిస్తున్నాము. సాయంత్రం రైలుకు కవరు వేశాను. వేశాక చాలాసేపు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని అనుకున్నాను. పోలేదు. ఎడిటరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఇలాంటివి మళ్లీ రానివ్వద్దని. ఏవి రానివ్వద్దన్నాడో, తప్పులా, ఒప్పుకోవడాలా, ఇప్పటికీ నాకు తెలియదు.

సవరణ అచ్చయిన పేపరు పట్టుకుని క్యాంపు రైతులు మళ్లీ ఆఫీసుకు వెళ్లారట. ఈసారి బల్ల మీద పేపరు పెట్టింది వాళ్లు. మూడో రోజు రాత్రి ఉపకాలువకు నీరు వదిలారు.

నేను రోజూ మొదటి స్టేజీకి వెళ్లి వచ్చాను. జబ్బు రోజూ వచ్చింది. ముందు సీటు కడ్డీ పట్టుకుని, పెదవులు కదపకుండా, గుండె కొట్టుకుంటుంది, చేతులు సల్లగైనయ్ అని నాకు నేనే మా ఇంటి తెలుగులో చెప్పుకుంటూ కూర్చునేవాణ్ని. కండక్టరు రెండు రోజులు చూసి మూడో రోజు ఏమీ అడగకుండా టిక్కెట్టు చింపడం మొదలుపెట్టాడు.

మల్లట్ చేరడానికి మూడు వారాలు పట్టింది. కల్మల దాటేటప్పుడు చాలా గట్టిగా వచ్చింది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. తెరిచేసరికి కల్మల వెనకబడింది. మల్లట్‌లో దిగి, క్యాంపుకు నడుచుకుంటూ వెళ్లాను. ఆ రైతు గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి, గుర్తుపట్టనట్టు పారతో గట్టు సరిచేస్తూనే ఉన్నాడు.

"రేపే వస్తానన్నారు" అన్నాడు.

"రాలేకపోయానండీ. బస్సెక్కాలంటే నాకు భయం. అది జబ్బు."

ఎందుకో ఆయనకు చెప్పాలనిపించింది. ఆయన గట్టు దిగాడు. మళ్లలోకి తీసుకెళ్లాడు. పైన ఆరు ఎకరాల్లో నాట్లు పడ్డాయి, పచ్చగా ఉంది. కాలువ చివరన రెండెకరాలకు ముదిరిన నారే నాటారు, అది ఎర్రబారి నిలబడి ఉంది. ఆ చివరికి ఇప్పటికీ నీళ్లు సన్నగానే వస్తున్నాయి. ఒక్క వారం ముందు వదిలి ఉంటే అదీ నిలిచేదండీ అన్నాడు, నా వైపు చూడకుండా. ఆ వారం ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

నేను నోటుబుక్కు తీసి చూసింది చూసినట్టు రాసుకున్నాను. ఆకు రంగు, నీటి లోతు, ఏ మడి దాకా తడిసింది. ఆయన పక్కన నిలబడి ఒకటి రెండు సవరించాడు. రాయడం అయిపోయాక భోజనానికి రమ్మన్నాడు.

"తిరిగి రాయచూరు బస్సు ఎన్నింటికండీ?" అన్నాను. మళ్లీ మొదలవబోతోందని అప్పటికే చేతులకు తెలుస్తోంది.

"నాలుక్కి" అన్నాడాయన. నా చేతుల వైపు చూసి, "రోడ్డు దాకా నేనూ వస్తాలెండి. బస్సు కదిలేదాకా ఉంటాను" అన్నాడు.